నాలుగు గోడల మధ్య కెమెరా ఎక్కడ పెట్టాలి?

"మా ఆయన కొట్టడండీ. ఎప్పుడన్నా కోపమొస్తే చేయి చేసుకుంటాడు, అంతే."

కొన్నేళ్ళ కిందట ఒక డ్వాక్రా సంఘం మీటింగులో విన్న మాట ఇది. చిన్న హాలు. గోడకి తెల్ల దుప్పటి కట్టి, ల్యాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ తగిలించి గృహహింస మీద అరగంట డాక్యుమెంటరీ వేశారు. తెర మీద ఒకావిడ ముఖం వాచిపోయి ఉంది. చేతికి కట్టు. హాల్లో ఆడవాళ్ళు అయ్యో అయ్యో అన్నారు, ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. సినిమా అయ్యాక, వేసిన అమ్మాయి "మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇలా జరుగుతోందా అక్కా?" అని అడిగింది. ముందు వరసలో కూర్చున్న ఆవిడ ఇచ్చిన జవాబు అది. పక్కవాళ్ళు తలలూపారు. వెనక నుంచి కొంచెం నవ్వు కూడా వినబడింది. తర్వాత టీలొచ్చాయి.

ఆ సినిమా తీసినవాళ్ళ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ హాల్లో అది చేసిన పని వేరే. గృహహింస అంటే ఇలా ఉంటుందని ఒక ముఖం చూపించింది. అంత వాపు, అంత రక్తం. ఆ లెక్కన తన ఇంట్లో జరిగేది హింస కిందికే రాదని ఆవిడ తేల్చుకుంది. కళ్ళు తెరిపిద్దామని వేసిన సినిమా, నీ కాపురం బాగానే ఉందిలే అని చెప్పి పంపించింది.

గృహహింస మీద డాక్యుమెంటరీలు దాదాపు యాభై ఏళ్ళుగా వస్తున్నాయి. కొన్ని ఆస్కార్లు తెచ్చుకున్నాయి, కొన్ని చట్టాలు మారడానికి దారి తీశాయి, చాలావాటిని చూసినవాళ్ళే మర్చిపోయారు. ఏది పనిచేస్తుంది, ఏది ఎందుకు బెడిసికొడుతుంది అన్నది కాస్త చిక్కుముడి. నా మటుకు నాకు ఆ హాల్లో టీ తాగుతున్నప్పుడు అర్థమైన సంగతి ఒకటే. సినిమా ఎంత కదిలించిందన్న దానికన్నా, చూసే ఆవిడ దాన్ని ఎవరి మధ్య కూర్చుని చూస్తోంది, చూశాక ఆ రాత్రి ఏ ఇంట్లో పడుకుంటుంది అన్నవి పెద్ద ప్రశ్నలు.

గుట్టు, రట్టు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. 18 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న పెళ్ళైన స్త్రీలలో భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస ఎదుర్కొన్నవాళ్ళు దేశం మొత్తం మీద 29.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. తెలంగాణలో 36.9 శాతం. అంతకుముందు విడతతో పోలిస్తే రెండు రాష్ట్రాల్లోనూ తగ్గింది, అది ఒప్పుకోవాలి. కానీ అదే సర్వేలో ఇంకో ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి వెళ్ళినా, వంట సరిగ్గా చెయ్యకపోయినా, అత్తమామల్ని గౌరవించకపోయినా... ఇలా ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త భార్యని కొట్టడం న్యాయమేనా అని అడిగారు. కనీసం ఒక్క కారణానికైనా న్యాయమే అన్న స్త్రీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం. దేశంలో అన్నిటికన్నా పైన ఉన్న అంకెల్లో ఇవి ఉన్నాయి.

మరో అంకె కూడా చూడాలి. హింస ఎదుర్కొన్న స్త్రీలలో ఎవరినైనా సాయం అడిగినవాళ్ళు దేశం మొత్తం మీద 14 శాతం. 77 శాతం మంది సాయం అడగలేదు సరికదా, అసలు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

సంసారం గుట్టు, రోగం రట్టు అని మన సామెత. జబ్బు చేస్తే నలుగురికీ చెప్పు, వైద్యం దొరుకుతుంది. సంసారంలో గొడవైతే గడప దాటనివ్వకు. డాక్యుమెంటరీ పనేమో రట్టు చెయ్యడం. అంటే ఈ సినిమా తీసేవాడు దిగుతూనే సామెతకి ఎదురు నిలబడుతున్నాడన్నమాట. గుట్టు అనేది పరువు కోసం వాడే మాటే, కానీ చాలామంది ఆడవాళ్ళకి అది ప్రాణాలు కాపాడుకునే ఉపాయం కూడా. గుట్టు విప్పితే ఆ రాత్రి దెబ్బలు ఇంకాస్త ఎక్కువ పడతాయి. ఈ సంగతి సర్వే చేసేవాళ్ళకి బాగా తెలుసు. అందుకే హింస గురించిన ప్రశ్నలు ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే అడుగుతారు. గదిలో ఇంకెవరూ లేనప్పుడే అడుగుతారు. ఏకాంతం దొరక్కపోతే ఆ భాగం వదిలేస్తారు. పేరు బయటికి రాని సర్వేకే ఇంత జాగ్రత్త పడితే, ముఖం, గొంతు, ఇంటి గుమ్మం అన్నీ రికార్డు చేసే కెమెరా ఎంత జాగ్రత్త పడాలి?

కెమెరా లోపలికి వెళ్ళలేదు

ఇక్కడే మొదటి చిక్కు. వరద మీద డాక్యుమెంటరీ తీయాలంటే వరద దగ్గరికి వెళ్ళొచ్చు. గృహహింస జరిగేటప్పుడు కెమెరా అక్కడ ఉండదు. ఉంటే అది ఇంకో సమస్య. 1982లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డోనా ఫెరాటో ఒక సంపన్న దంపతుల జీవితాన్ని ఫొటోలు తీస్తుండగా ఆమె కళ్ళ ముందే భర్త భార్య మీద చెయ్యెత్తాడు. ఒక ఫొటో కొట్టి, తర్వాత అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఫొటో లేకపోతే ఎవరూ నమ్మరనుకుంది. ముందు క్లిక్కా, ముందు చెయ్యా అని ఇప్పటికీ జర్నలిజం క్లాసుల్లో వాదించుకోదగ్గ ప్రశ్న అది.

అందుకే డాక్యుమెంటరీ వాళ్ళు హింస జరిగే చోటికి కాకుండా, అది బయటపడే చోటికి వెళ్ళారు. ఫ్రెడరిక్ వైజ్‌మన్ 2001లో తీసిన 'డొమెస్టిక్ వయలెన్స్' ఫ్లోరిడాలోని టాంపా నగరంలో ఒక షెల్టర్‌లో నడుస్తుంది. మూడు గంటలు దాటిన సినిమా. వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూ లేదు, సంగీతం లేదు. ఆడవాళ్ళు వస్తారు, సిబ్బంది ఫారాలు నింపుతారు, బృందంగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఒక గంట గడిచాక మనకి ఒకటి వినబడడం మొదలవుతుంది. వేర్వేరు వయసుల, వేర్వేరు ఆదాయాల ఆడవాళ్ళు ఇంచుమించు ఒకే మాటలు చెప్తుంటారు. మొదట ఫ్రెండ్స్‌తో మాట్లాడొద్దన్నాడు. తర్వాత డబ్బు తన చేతిలోకి తీసుకున్నాడు. తర్వాతే కొట్టడం. ఒక్కొక్కరికీ అది తమ ఇంటి బాధ. పక్కపక్కన పెట్టి వింటే అదొక పద్ధతి అని తెలుస్తుంది. అంత పొడుగు సినిమా ఎందుకు అనిపించినా, ఆ పొడుగు లేకపోతే ఈ ఒక్కటి అర్థం కాదు.

కిమ్ లాంగినాటో, ఫ్లోరెన్స్ అయీసీ కలిసి తీసిన 'సిస్టర్స్ ఇన్ లా' 2005లో వచ్చింది. కామెరూన్‌లోని కుంబా అనే ఊళ్ళో కోర్టు. అక్కడ ప్రాసిక్యూటర్, న్యాయమూర్తి ఇద్దరూ ఆడవాళ్ళే. భర్త కొడుతున్నాడని కేసు పెట్టిన స్త్రీ చుట్టూ బంధువులు చేరి కేసు వెనక్కి తీసుకోమని నచ్చజెబుతుంటారు. మన పెద్దమనుషుల పంచాయితీ చూసినవాళ్ళకి ఆ దృశ్యంలో సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. తేడా ఏమిటంటే చివరికి శిక్ష పడుతుంది. కోర్టు మెట్లెక్కితే ఏమవుతుందో ఆ సినిమా మొదటి నుంచి చివరి దాకా చూపిస్తుంది. భయపడుతున్న మనిషికి ధైర్యం చెప్పడం కన్నా, అక్కడ ఎక్కడ కూర్చోబెడతారు, ఏం అడుగుతారు అని చూపించడమే ఎక్కువ ఉపయోగం అని నేననుకుంటాను.

హైదరాబాద్, 1983

మూడో దారి ఒకటుంది, అది మన దగ్గరే పుట్టింది. 1980లో దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, నవ్‌రోజ్ కాంట్రాక్టర్, మీరా రావు కలిసి 'యుగాంతర్' అనే సినిమా బృందం పెట్టారు. 1983 దాకా నాలుగు సినిమాలు తీశారు. పుణెలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద ఒకటి, కర్ణాటకలోని నిపాణిలో పొగాకు కార్మిక స్త్రీల మీద ఒకటి, చిప్కో ఉద్యమంలో ఒక స్త్రీ గురించి ఒకటి. ఇంకొకటి తెలుగులో. పేరు 'ఇది కథ మాత్రమేనా'. హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి తీశారు.

అప్పటి వాతావరణం గుర్తు చేసుకోవాలి. పేపర్లో రోజూ 'స్టవ్ పేలి వివాహిత మృతి' అని చిన్న వార్త ఉండేది. కిరసనాయిలు స్టవ్‌లు కోడళ్ళు వంట చేసేటప్పుడే ఎందుకు పేలుతున్నాయని మహిళా సంఘాలు రోడ్డెక్కి అడిగాయి. భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరంగా చేసిన 498ఎ సెక్షన్ 1983 డిసెంబరులోనే అమల్లోకి వచ్చింది. (ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్.) గృహహింస అన్న మాట జనం నోట్లో బాగా నలిగింది 2005 చట్టం వచ్చాకే. 1983లో ఆ బాధకి సరైన పేరు కూడా లేదు. మొగుడు తాగొచ్చి కొట్టడం, అత్త ఆరళ్ళు, తలరాత... ఇవే మాటలు.

యుగాంతర్ మిగతా మూడు సినిమాలూ నిజమైన మనుషులతో తీసినవి. దీనికి మాత్రం నటన ఎంచుకున్నారు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు కూర్చుని తమ అనుభవాలూ, తమ దగ్గరికి వచ్చినవాళ్ళ కథలూ చెప్పుకుని, వాటిలోంచి అప్పటికప్పుడు సన్నివేశాలు అల్లుకుని నలుపు తెలుపులో ఒక చిన్న సినిమా చేశారు. ఎందుకలా చేశారో ఊహించడం కష్టం కాదు. ఒక నిజమైన స్త్రీని తెర మీదికి తెస్తే హైదరాబాద్ లాంటి ఊళ్ళో ఆమె ఎవరో మర్నాటికల్లా తెలిసిపోతుంది. పాత్రనైతే ఎవరూ ఇంటికొచ్చి కొట్టలేరు.

ఇంకో సంగతి నాకు మరీ గొప్పగా అనిపిస్తుంది. కాలిపోయిన శరీరాల వార్తలు రోజూ వచ్చే ఆ రోజుల్లో ఈ సినిమా కాలడం మీద కెమెరా పెట్టలేదు. పెళ్ళి లోపల ఒకామె ఒంటరిదైపోవడం, దిగులులోకి జారిపోవడం మీద పెట్టింది. దెబ్బలతో పాటు, దెబ్బలు లేని రోజులు ఎలా ఉంటాయన్నది కూడా. డిప్రెషన్ అన్న మాట మనిళ్ళల్లో వాడుకలోకి రావడానికి చాలా ముందు. ఆ హాల్లో 'చేయి చేసుకుంటాడు, అంతే' అన్న ఆవిడ ఈ సినిమా చూసి ఉంటే ఆ జవాబు అంత తేలిగ్గా వచ్చేది కాదనిపిస్తుంది. టైటిల్ కూడా ప్రశ్నే కదా. చూసినవాళ్ళని జవాబు చెప్పమంటోంది.

దీన్ని డాక్యుమెంటరీ అనొచ్చా అని అడిగేవాళ్ళుంటారు. నిర్వచనం ప్రకారం కాదు. కానీ నటించినవాళ్ళూ మాటలు అల్లినవాళ్ళూ ఆ అనుభవాల మధ్య నుంచి వచ్చినవాళ్ళే అయినప్పుడు గీత ఎక్కడ గీయాలో నాకు తెలీదు. యుగాంతర్ సినిమాలు 16 ఎంఎం రీళ్ళుగా సంఘాల దగ్గరికీ బస్తీలకీ తిరిగాయి, వేశాక చర్చలు జరిగాయి. ఈ మధ్య బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ వాటిని బాగుచేసి డిజిటల్‌లోకి మార్చింది. ఒక తెలుగు సినిమాని జర్మనీ వాళ్ళు దాచిపెట్టడం గురించి సంతోషించాలో సిగ్గుపడాలో మీ ఇష్టం.

దీపా ధన్‌రాజ్ 2011లో 'ఇన్వోకింగ్ జస్టిస్' తీశారు. తమిళనాడులో ముస్లిం స్త్రీలు 2004లో తమకంటూ సొంత జమాత్ పెట్టుకున్నారు. విడాకులు, గృహహింస కేసులు వాళ్ళే వింటారు, మగవాళ్ళని పిలిపించి నిలదీస్తారు. ఈసారి నటన అక్కర్లేకపోయింది. కెమెరా కూర్చోడానికి ఆడవాళ్ళే ఒక గది కట్టుకున్నారు మరి.

గాయం ఎవరికి కావాలి?

'ఎందుకు వదిలి రాలేదు?' గృహహింస గురించి ఏ ఇద్దరు మాట్లాడుకున్నా ఐదు నిమిషాల్లో వచ్చే ప్రశ్న ఇది. 2014లో సింథియా హిల్ అమెరికాలో తీసిన 'ప్రైవేట్ వయలెన్స్' ఈ ప్రశ్ననే తిరగేస్తుంది. అందులో ఒక స్త్రీని భర్త ట్రక్కులో వేసుకుని రాష్ట్రాలు దాటిస్తూ రోజుల తరబడి కొట్టాడు. ఒంటి నిండా గాయాల ఫొటోలున్నా స్థానిక చట్టం దాన్ని చిన్న నేరంగానే చూసింది. కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్ళాకే గట్టి శిక్ష పడింది. ఆ ఫొటోలే లేకపోతే ఆ మాత్రం కూడా ఉండేది కాదు.

కోర్టుకి గాయం ఫొటో కావాలి. హాల్లో కూర్చున్న ఆవిడకి అదే ఫొటో అడ్డం. ఈ రెండూ నిజమే. సినిమా తీసేవాళ్ళు ఈ రెండు అవసరాల్నీ కలిపేస్తారు. ఫండింగ్ ఇచ్చేవాళ్ళకీ, ఫెస్టివల్ వాళ్ళకీ గట్టిగా తగిలే కథ కావాలి. అందుకని పదిమందితో మాట్లాడి అన్నిటికన్నా ఘోరమైన కేసుని ఎంచుకుంటారు. అది చూసిన మిగతా తొమ్మిదిమంది 'నాది అంత కాదులే' అనుకుంటారు.

2005 గృహహింస చట్టం నిజానికి చాలా విశాలమైంది. శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా హింసించడాన్నీ, ఆర్థిక హింసనీ కూడా హింసే అంటుంది. జీతం లాక్కోవడం, ఇంటి ఖర్చుకి డబ్బివ్వకపోవడం, స్త్రీధనం దగ్గర పెట్టుకోవడం అన్నీ ఇందులోకి వస్తాయి. మన ఊళ్ళల్లో దీని రూపం అందరికీ తెలిసిందే. సంఘం లోన్ ఆవిడ పేరు మీద వస్తుంది, డబ్బు ఆయన జేబులోకి పోతుంది, కిస్తీ ఆవిడ కూలి డబ్బులోంచి కడుతుంది. పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంటుంది, రసీదు ఎక్కడుందో ఆవిడకి తెలీదు. అమెరికా వెళ్ళిన అమ్మాయికైతే పాస్‌పోర్టు ఆయన లాకర్లో ఉంటుంది. భార్యగా వచ్చిన హెచ్4 వీసా ఆయన ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతుంటుంది. ఫోన్ చేస్తే అమ్మానాన్నలకి టెన్షన్ అని అన్నీ దాచుకుంటుంది. వీటిలో దేనికీ గాయం ఉండదు. కెమెరాకి చూపించడానికేమీ లేదనిపిస్తుంది. ఉంది. ఒక పాస్‌బుక్, ఒక తాకట్టు రసీదు, తాళం వేసిన బీరువా. వాటి మీద ఒక నిమిషం ఆగే ఓపిక దర్శకుడికుండాలి.

అదే చట్టం ఇంకో మాట కూడా చెప్తుంది. ఆవిడ ఇల్లు వదిలి రానక్కర్లేదు. కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆవిడకుంది. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఈ హక్కు వర్తించవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకు వదిలి రాలేదు అని అడిగే ముందు, వెళ్ళాల్సింది ఎవరు అని అడగొచ్చన్నమాట.

ఆస్కార్ తర్వాత ఏడు నెలలు

డాక్యుమెంటరీ చట్టాన్ని మార్చిందని చెప్పడానికి అందరూ చూపించే ఉదాహరణ పాకిస్తాన్‌ది. షర్మీన్ ఒబైద్ చినాయ్ తీసిన 'ఎ గర్ల్ ఇన్ ద రివర్' పరువు పేరుతో జరిగే హత్యల మీద. ఇష్టపడి పెళ్ళి చేసుకున్న ఒక అమ్మాయిని సొంత తండ్రి, ఒక దగ్గరి బంధువు కలిసి ముఖం మీద తుపాకీతో కాల్చి, గోనెసంచిలో కట్టి నీళ్ళలో పడేశారు. ఆమె బతికింది. తర్వాత ఊరి పెద్దల ఒత్తిడితో తండ్రిని క్షమించాల్సి వచ్చింది. అప్పట్లో అక్కడి చట్టంలో బాధితులు క్షమిస్తే దోషి బయటికి వచ్చేయగలిగేవాడు. ఇంట్లోవాళ్ళే చంపితే, చంపినవాళ్ళదీ క్షమించాల్సినవాళ్ళదీ ఒకే కుటుంబం. ఆ తండ్రి కెమెరా ముందు కూర్చుని, ఈ పని చేశాక ఊళ్ళో తన గౌరవం పెరిగిందని చెప్తాడు. సినిమా మొత్తంలో మనసులో ఉండిపోయేది ఆ నిబ్బరమే. గాయం కాదు.

2016 ఫిబ్రవరిలో ప్రధాని నవాజ్ షరీఫ్ తన అధికార నివాసంలో ఈ సినిమా వేయించారు. అదే నెలాఖరున ఆస్కార్ వచ్చింది. అక్టోబరులో చట్టం మారింది. కుటుంబం క్షమించినా యావజ్జీవం తప్పదని పార్లమెంటు ఆమోదించింది. సినిమా చూశారు, చట్టం మార్చారు అని చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ బిల్లు అంతకుముందే ఉంది. 2015లో సెనేట్ ఆమోదించాక అటకెక్కింది. సంఘాలు ఏళ్ళ తరబడి దాని వెంట పడ్డాయి. సినిమా వచ్చాక కూడా కదలడానికి నెలలు పట్టింది. ఈలోగా జులైలో ఖందీల్ బలోచ్ అనే సోషల్ మీడియా తారని ఆమె తమ్ముడే చంపాడు. దేశం అట్టుడికింది. సినిమా, ఆస్కార్, ఒక హత్య, అప్పటికే సిద్ధంగా ఉన్న బిల్లు... ఇవన్నీ కలిస్తే ఆ ఓటు పడింది. ఆ తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. ఆ తమ్ముడికి 2019లో యావజ్జీవం పడింది. 2022లో, సాక్షులు మాట మార్చడం, తల్లి క్షమించడంతో హైకోర్టు అతన్ని విడిచిపెట్టింది.

కాలిఫోర్నియాలో ఇంకో రకంగా జరిగింది. ఏళ్ళ తరబడి హింస భరించి చివరికి భర్తని చంపి జైలుకెళ్ళిన స్త్రీలు 1989లో జైల్లోనే ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ మీద 2009లో ఒలీవియా క్లాస్ 'సిన్ బై సైలెన్స్' తీసింది. ఆ సినిమా అడిగింది చాలా చిన్న విషయం. ఏళ్ళ తరబడి హింస భరించిన మనిషి స్థితి గురించి నిపుణుల సాక్ష్యం వినాలన్న నియమం 1992లో వచ్చింది. అంతకుముందే శిక్ష పడినవాళ్ళ జ్యూరీలు ఆ సాక్ష్యం విననే లేదు. వాళ్ళ సంగతేమిటి? అంతే ప్రశ్న. 2012లో రెండు చట్టాలొచ్చాయి, వాటిని అక్కడ సినిమా పేరుతోనే పిలుస్తారు. హింస ఆగాలి అని అడిగే సినిమాకి ఎవరైనా చప్పట్లు కొట్టగలరు. ఫలానా నియమంలో ఫలానా కన్నం ఉంది, పూడ్చండి అని అడిగితే ఒక ఎమ్మెల్యే దాన్ని పట్టుకెళ్ళి బిల్లు రాయగలడు.

మన దగ్గర అలాంటి కన్నాలకి కొదవలేదు. చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో రక్షణ అధికారి ఉండాలి. ఫిర్యాదు రాసుకుని, గృహ సంఘటన నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకి పంపాలి. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో ఉండాలి, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని చట్టంలోనే రాసుంది. చట్టం వచ్చి ఇరవై ఏళ్ళయ్యాక, 2025లో కూడా, రక్షణ అధికారుల్ని నియమించండి అని సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. ఒక రక్షణ అధికారి టేబుల్ మీద ఒక్క ఫైలు వెంట అరవై రోజులు తిరిగే డాక్యుమెంటరీ తెలుగులో ఎవరైనా తీస్తే నేను టికెట్ కొని చూస్తాను.

సంతకం పెట్టింది కదా అంటే

ఒప్పుకోలు ఫారం మీద సంతకం పెట్టించుకుంటే పనైపోయిందనుకునేవాళ్ళున్నారు. ఆ సంతకం ఏ రోజు పెట్టిందో చూడాలి. షెల్టర్‌లో ఉన్నప్పుడు, చుట్టూ ధైర్యం చెప్పేవాళ్ళున్నప్పుడు మనిషి గట్టిగా ఉంటుంది. ఆరు నెలల తర్వాత పిల్లల చదువు కోసమో, తండ్రి చనిపోతే పుట్టింట్లో చోటు లేకో మళ్ళీ అదే ఇంటికి వెళ్ళొచ్చు. చాలామంది వెళ్తారు కూడా. అప్పుడు ఆ వీడియో ఆమె కన్నా ముందే ఆ ఇంట్లో ఉంటుంది.

ఇదే షర్మీన్ చినాయ్ మరొకరితో కలిసి తీసిన యాసిడ్ దాడుల డాక్యుమెంటరీకి 2012లో ఆస్కార్ వచ్చింది. అందులో కనబడిన కొందరు బాధితులు దాన్ని తమ దేశంలో వేయొద్దని అభ్యంతరం చెప్పారు. లాస్ ఏంజెలెస్‌లో చూసేవాళ్ళకి వాళ్ళు ధైర్యవంతులు. సొంత వీధిలోవాళ్ళకి కుటుంబం పరువు తీసినవాళ్ళు. సినిమా ఎంత దూరం వెళ్తే మనిషికి అంత క్షేమం, ఎంత దగ్గరికొస్తే అంత ప్రమాదం.

ముఖం మసకబారిస్తే సరిపోతుందా? పట్నంలో సరిపోవచ్చు. ఊళ్ళో చీరని బట్టి, గొంతుని బట్టి, వెనక కనబడే బోరింగుని బట్టి ఎవరో చెప్పేస్తారు. పిల్లలున్నారు ఇంకా. రక్షణ అవసరమైన, నేరానికి గురైన లేదా సాక్షిగా ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. తల్లి ముఖం చూపిస్తే పిల్లలు ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

కెమెరా ఎప్పుడూ ఆడవాళ్ళ పక్షానే ఉంటుందన్న భ్రమ కూడా అక్కర్లేదు. కొన్నేళ్ళ కిందట మన చానళ్ళలో భార్యాభర్తల తగువులు తీర్చే షోలు ఎలా నడిచాయో గుర్తుండే ఉంటుంది. ఏడుపు, చెంపదెబ్బ, మధ్యలో ప్రకటన. ఇప్పుడవి యూట్యూబ్‌లో ఎర్ర బాణాల థంబ్‌నెయిల్స్ అయ్యాయి. ఇంకోవైపు 498ఎ దుర్వినియోగమవుతోందంటూ దీపికా నారాయణ్ భరద్వాజ్ 'మార్టిర్స్ ఆఫ్ మ్యారేజ్' తీసింది. అందులో మాట్లాడిన కుటుంబాల బాధని కాదనలేం. అరెస్టులు యాంత్రికంగా చేయొద్దని 2014లోనే సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో పోలీసులకి చెప్పింది. కానీ కొన్ని కన్నీళ్ళ ముఖాలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన అది ఎంత ఎక్కువగా జరుగుతోందో తేలదు. ఆ మాట ఇటువైపు సినిమాలకీ వర్తిస్తుంది. ఎంత ఎక్కువన్నది సర్వే చెప్పాలి. సినిమా చెప్పగలిగేది అది ఎలా జరుగుతుందన్నది.

లింకు పంపడం తేలికే. చూడడమే కష్టం. ఫోన్ ఆయన చేతిలోకి కూడా పోతుంది, హిస్టరీ చూస్తాడు. ఇలాంటి వీడియో చూస్తున్నావేంటి అన్న ప్రశ్నతోనే ఆ సాయంత్రం గొడవ మొదలవ్వొచ్చు. అందుకే ఈ సినిమాలకి హాలు ఇంకా మంచిదని నా అభిప్రాయం. డ్వాక్రా మీటింగుకి వెళ్ళొస్తానంటే ఎవరూ అడ్డుచెప్పరు. అక్కడ హింస ఎదుర్కొన్న ఆడవాళ్ళకి సాయం చేసే సఖి కేంద్రం నుంచి ఒకరిని ముందే పిలిచి కూర్చోబెట్టొచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరుకి చేస్తే అవతల ఏం అడుగుతారో వాళ్ళ చేతే చెప్పించొచ్చు. సినిమా అయిపోయి లైట్లు వెలిగిన నిమిషంలో 'మీలో ఎవరికైనా' అని అందరి ముందూ అడక్కూడదు. ఎవరు చెప్తారు?

ఆ అమ్మాయిని ఏడాది తర్వాత మళ్ళీ కలిశాను. వాపు ముఖాల సినిమా మానేసింది. ఇప్పుడు పది నిమిషాల చిన్న వీడియో వేస్తోంది, అందులో ఎవరూ ఎవర్నీ కొట్టరు. సగంలో ఆపి లైట్లు వేసి, "మీ ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంటుంది అక్కా?" అని అడుగుతోందట. నేను వెళ్ళిన రోజు హాలంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టింది. పిన్ నంబరు కొడుక్కి తెలుసు నాకు తెలీదని ఒకావిడ. కార్డు చూసి రెండేళ్ళయిందని ఇంకొకావిడ. టీలొచ్చి చల్లారిపోయాయి. వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ముసలావిడ అందరూ అయ్యేదాకా ఆగి, "కార్డు సంగతి సరే, నా పింఛను పుస్తకం మా వాడి దగ్గరుంది. అది కూడా ఇందులోకి వస్తుందా?" అంది.